ఇంగ్లీషు భూతకాలం భూతమా?

విద్యార్థి సంఘం మిత్రులు మొన్న ఇంటికి వచ్చి, "సార్, సావనీరుకు ఒక వ్యాసం కావాలె, మీకు తోచిన విషయం మీద వ్రాయండి" అన్నారు. షెల్లీ మీదనో షేక్‌స్పియర్ మీదనో వ్రాస్తానని వారి ఆశ కావచ్చు. "సింపుల్ పాస్ట్ టెన్స్ మీద వ్రాస్తాను" అనేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. అందులో ఒకబ్బాయి ధైర్యం చేసి, "అది ఆరో తరగతి పాఠం గద సార్" అన్నాడు.

నిజమే, ఆరో తరగతి పాఠమే. కాని ఆరో తరగతిలో తప్పిపోయిన ఆ పాఠం ఎం.ఏ. దాకా వెంటబడి వచ్చి, ఇంటర్వ్యూ గదుల్లో మన పిల్లల గొంతు పట్టుకోవడం నేను ముప్ఫయి ఏళ్ళకు పైగా చూశాను. మార్క్సు సిద్ధాంతం గురించి తెలుగులో గంటసేపు మాట్లాడగల కుర్రవాడిని "నిన్న ఏం చేశావు?" అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలదు. భూతకాలం అన్న పేరుకు తగినట్టే అది మనవాళ్ళను భూతమై పట్టింది. దాన్ని వదిలించే మంత్రం బజారులో అమ్మే గ్రామర్ పుస్తకాల్లో నాకు దొరకలేదు. మన నోట్లోనే దొరికింది. ఎట్లా దొరికిందో చెప్తాను.

మాది జనగామ దగ్గర పల్లె. ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలు. 1971లో నేను ఏబీసీడీలు దిద్దాను. అయితే అంతకుముందే నాకు రెండు భూతకాలాలు ఉన్నాయి. ఇంట్లో ఒకటి, పుస్తకంలో ఒకటి. ఇంట్లో మా బాపు వచ్చిండు, మా అవ్వ వచ్చింది, చుట్టాలు వచ్చిన్రు. పుస్తకంలో నాన్న వచ్చాడు, చుట్టాలు వచ్చారు. ఒకసారి కాంపోజిషన్ నోటుబుక్కులో "పోయిన ఏడు మా తాత పోయిండు" అని వ్రాశాను. పంతులుగారు ఎర్ర సిరాతో "పోయిండు" కొట్టేసి "వెళ్ళాడు" అని దిద్దారు. అది చదివి వినిపిస్తే మా బాపు, "ఎక్కడికి వెళ్ళిండట?" అని అడిగిండు. పాపం పంతులుగారి తప్పేమీ లేదు, పుస్తకం అట్లా ఉంది. కాని పదేళ్ళ పిల్లవాడికి ఆ ఎర్రగీత ఒక సంగతి నేర్పింది. జరిగిపోయినదాన్ని గురించి నేను నోరు విప్పితే తప్పే వస్తుంది!

ఆ భయం మీద ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ఇంటి భూతకాలం, బడి భూతకాలం, ఇప్పుడు దొరల భూతకాలం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్న ఈ రోజుల్లో "వచ్చిండు" అనడానికి ఎవరూ సిగ్గుపడనక్కర లేదు. మా రోజుల్లో పడ్డాం. ఒక భాషలో సిగ్గుపడినవాడు ఇంకో భాషలో ధైర్యంగా మాట్లాడతాడా?

1981లో బి.ఎ. ముగించి ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకు హైదరాబాదు పోయిన. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అవసరం లేదు. "ఇంతకుముందు ఎందుకు అప్లై చేయలేదు?" అని అడిగారు. "ఐ డిడ్ నాట్ అప్లైడ్, సార్" అని మొదలుపెట్టాను. ముగ్గురిలో ఒకాయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత నేనేం చెప్పానో నాకే గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో సికింద్రాబాదు స్టేషనులో కాజీపేట వైపు ప్యాసింజరు కోసం కూర్చున్నాను. పక్కన మూట పెట్టుకొన్న ముసలవ్వ, "బండి వచ్చిందా బిడ్డా?" అని అడిగింది. "రాలే అవ్వా" అన్నాను.

అన్నాక ఆ మాట చెవిలో నిలిచిపోయింది. రాలే. ఆమె అడిగింది "వచ్చిందా" అని. నేను "వచ్చింది లేదు" అనలేదు, "వచ్చిలే" అసలే అనలేదు. "వచ్చు"లోని భూతకాలం మొత్తం ఊడబెరికి, "రా" అన్న మొండి మాటకు "లే" తగిలించాను. మరి ఇంగ్లీషువాడు చేసిందీ అదే గదా! వాడు "కేమ్"ను వదిలేసి "కమ్" పట్టుకొని ముందర "డిడ్ నాట్" పెట్టాడు. రాలే, డిడ్ నాట్ కమ్. పోలే, డిడ్ నాట్ గో. చూడలే, డిడ్ నాట్ సీ. "డిడ్ నాట్ కేమ్" అనడం తెలుగులో "వచ్చిలే" అనడంతో సమానం. మూడేళ్ళ పిల్లవాడు కూడా అట్లా అనడు. (రైలు విషయంలో ఆ సమయానికి "హాజ్ నాట్ కమ్" అనడం మేలు. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.)

ఈ ఒక్క సంగతి దగ్గర మనం కొంచెంసేపు ఆగుదాం. నూటికి తొంభై తప్పులు ఇక్కడే పుడుతున్నాయని నా అనుభవం.

భూతకాలం ఒక బిందె అనుకోండి. వాక్యంలో దాన్ని ఒక్కరే మోస్తారు. మామూలు వాక్యంలో క్రియ స్వయంగా మోస్తుంది: "హి కేమ్". "నాట్" వచ్చినా, ప్రశ్న అడిగినా, "డిడ్" అనే మనిషి ముందుకొచ్చి ఆ బిందె ఎత్తుకొంటాడు. అప్పుడు క్రియ ఒట్టి చేతులతో నడుస్తుంది: "డిడ్ హి కమ్?" "హి డిడ్ నాట్ కమ్." ఇద్దరి నెత్తిన రెండు బిందెలు పెట్టడమే మన తప్పు. తెలుగులోనూ ఇంతే. "లేదు" రాగానే క్రియ ఒట్టి చేతులతో మిగులుతుంది. పైగా "నేను రాలే, నువ్వు రాలే, ఆయన రాలే, ఆమె రాలే, వాళ్ళు రాలే": మనిషి మారినా మాట మారదు. "డిడ్ నాట్ కమ్" కూడా ఎవరికైనా అదే. ఇంత దగ్గరి పోలిక పెట్టుకొని మనం దూరం చుట్టాల్లా బెదిరిపోతున్నాం.

అయితే జాగ్రత్త. "రాలే" వేరు, "రాడు" వేరు. "రాడు" అంటే ఇక ముందు రాడనో, వచ్చే అలవాటు లేదనో అర్థం. అక్కడ "డిడ్"కు చోటు లేదు, "విల్ నాట్" అనో "డజ్ నాట్" అనో అనాలి. ప్రశ్నలో మాత్రం మనకూ వాళ్ళకూ పొత్తు కుదరదు. మనం తోక కదిలిస్తాం: "వచ్చిండా?" వాళ్ళు తల కదిలిస్తారు: "డిడ్ హి కమ్?" ఇది అలవాటు చేసుకోవలసిందే, దగ్గరిదారి లేదు. ఇంకో ముచ్చట. "వచ్చుడైతే వచ్చిండు గని మాట్లాడలే" అంటాం చూడండి, ఆ "వచ్చుడైతే"కు ఇంగ్లీషులో ఏముంది? "హి డిడ్ కమ్, బట్ హి డిడ్ నాట్ స్పీక్." ఆ నొక్కి చెప్పే "డిడ్" మన "వచ్చుడైతే" లాంటిదే. ఇది చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీ కూడా నవ్వేది.

ఆ ఇంటర్వ్యూలో ఉద్యోగం రాలేదు. ఆ కోపంతో ఇంగ్లీషు ఎం.ఏ. చేశాను. 1985లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు, జె.పి.ఎల్. గ్విన్ కలిసి వ్రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. తెలుగు క్రియను ఇంగ్లీషులో చదివినప్పుడు, నా నోటి మాటకు ఇంత లెక్క ఉందా అని ఆశ్చర్యపోయాను. అప్పటి నుంచి నేను ఇంగ్లీషును తెలుగు మీదుగానే చెప్పుకొంటూ వచ్చాను. తెలుగు మాట దొర్లితే పాఠం చెడిపోతుందనే పెద్దలు ఉన్నారు, వారి మాట నేను వినలేదు.

ఇక రెండో భయం: గో, వెంట్. "గో ఎక్కడ, వెంట్ ఎక్కడ? ఒక్క అక్షరమన్నా కలిసిందా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. నేను ఎదురు ప్రశ్న వేసేవాణ్ణి: "రా ఎక్కడ, వచ్చిండు ఎక్కడ? ఒక్క అక్షరమన్నా కలిసిందా?" క్లాసు నిశ్శబ్దమైపోయేది. "రా" అని పిలుస్తాం, వచ్చినాక "వచ్చిండు" అంటాం. "తే" అంటాం, "తెచ్చిండు" అంటాం. తిను, తిన్నడు. పడు, పడ్డడు. చూడు, చూసిండు. ఇదంతా ఏ ఎక్కాల పుస్తకంలో బట్టీ పట్టాం? "వెంట్" నిజానికి "వెండ్" అనే ఇంకో పాత క్రియకు భూతకాలం. "గో" ఇంటికి ఇల్లరికం వచ్చి స్థిరపడింది, అంతే.

ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పది క్రియలు చూడండి: బి, హావ్, డు, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్. పదికి పదీ నియమం తప్పినవే. రోజూ నోట్లో నలిగే మాటలు పాత రూపాన్ని వదలవు, అరుదుగా వాడేవి మెల్లగా నియమంలోకి వచ్చేస్తాయి. "హెల్ప్"కు ఒకప్పుడు "హోల్ప్" అని భూతకాలం ఉండేది, ఇప్పుడు "హెల్ప్ట్". కొత్తగా పుట్టిన క్రియ ఏదైనా సరే, తోకకు "ఇ, డి" తగిలించుకోవలసిందే. మనమూ పరాయి మాటకు "చేసిండు" తగిలిస్తాం: ఫోన్ చేసిండు, సంతకం చేసిండు. ఆ "ఇ, డి" తోక కూడా పుట్టుకలో "డిడ్"కు బంధువేనని చాలామంది భాషా పండితుల అభిప్రాయం. అంటే మనలాగే వాళ్ళూ ఒకప్పుడు "చేసిండు" అతికించుకొన్నారన్నమాట. నియమం తప్పినవాటిలో నిత్యం పనికొచ్చేవి రెండు వందల లోపే. రోజుకు మూడు చొప్పున రెండు నెలల పని. కట్, పుట్, హిట్ లాంటివి మారను పొమ్మంటాయి గనుక అవి ఉచితం.

ఆ "ఇ, డి"ని పలకడం మాత్రం మనవాళ్ళకు ఇబ్బందే. తెలుగు అజంత భాష. మనకు మాట చివర అచ్చు ఉంటేగాని తృప్తి ఉండదు. బస్‌ను బస్సు చేశాం, రైల్‌ను రైలు చేశాం. అందుకే "వాక్డ్" చివర కూడా ఒక "ఉ" వచ్చి చేరుతుంది, లేదంటే "వాకెడ్" అంటాం. దీనికి మందు మన తెలుగు వ్యాకరణంలో ఉంది. క, చ, ట, త, ప పరుషాలు, గ, జ, డ, ద, బ సరళాలు అని చదువుకొన్నాం గదా. సరళాదేశ సంధి కూడా గుర్తుండే ఉంటుంది: నేను, పోతిని కలిస్తే "నేను బోతిని". పక్కన ఎవరున్నారో చూసి అక్షరం గుణం మార్చుకొంటుంది. ఇంగ్లీషు "డి" కూడా అట్లాగే సావాసదోషం గలది. పరుషాల పక్కన, స, ష, ఫ ధ్వనుల పక్కన అది పరుషమై "ట్"గా పలుకుతుంది: వాక్ట్, హెల్ప్ట్, వాష్ట్, లాఫ్ట్. సరళాల పక్కన, అచ్చుల పక్కన, న, మ, ల వంటివాటి పక్కన "డ్"గానే ఉంటుంది: బెగ్డ్, ప్లేడ్, కాల్డ్. ఇక "ట్"కో "డ్"కో ముగిసే క్రియ అయితే రెండూ అతుక్కుపోతాయి గనుక మధ్యన ఒక "ఇ" చొప్పించుకొంటుంది: వాంటిడ్, నీడిడ్. చిన్నయసూరిగారు చెప్పినట్టు చెప్తే మనవాళ్ళకు పది నిమిషాల్లో ఎక్కుతుంది.

మనుషుల లెక్క దగ్గర ఇంగ్లీషే సుఖం. మనకు పోయిన, పోయినవ్, పోయిండు, పోయింది, పోయినం, పోయిన్రు అని అరడజను కావాలి. వాళ్ళకు అందరికీ "వెంట్" ఒక్కటే. "హి గోస్"లో "ఎస్" చూసిన అలవాటుతో "హి వెంట్స్" అనకుంటే చాలు. ఒక్క "బి" మాత్రం వాజ్, వర్ అని రెండుగా చీలుతుంది: నాకు, ఆయనకు, ఆమెకు వాజ్, మిగతావారికి వర్.

బండి సంగతి చెప్తానన్నాను. "తిన్న" అన్న ఒక్క మాటతో మనం రెండు పనులు జరుపుకొంటాం. ఇంటికొచ్చిన చుట్టాన్ని "బువ్వ తిన్నవా?" అంటే "తిన్న" అంటాడు. ఎప్పుడు తిన్నాడన్నది అక్కడ ప్రశ్న కాదు, కడుపు నిండి ఉందా లేదా అన్నదే సంగతి. అది "ఐ హావ్ ఈటెన్". "ఎనిమిదింటికి తిన్న" అన్నాడా, వేళ చెప్పాడు, ఆ వేళ గడిచిపోయింది. అది "ఐ ఎయిట్ ఎట్ ఎయిట్". (ఇంగ్లీషువాడు కూడా ఒక్కోసారి తమాషా మనిషి.) "ఎప్పుడు?" అన్న ప్రశ్నకు వాక్యంలో జవాబుంటే "హావ్"ను బయట కూర్చోబెట్టాలి. నిన్న, మొన్న, పోయిన ఏడు అన్న మాటలుండగా "హావ్ సీన్" అనకూడదు. అట్లాగే "మా తాత రోజూ చెలకకు పోతుండె" అన్నదాన్ని మనవాళ్ళు "వాజ్ గోయింగ్" అని తర్జుమా చేస్తారు. అలవాటు గనుక "వెంట్ ఎవ్రీ డే" చాలు, లేకుంటే "యూస్డ్ టు గో".

వాక్యాలు ఎక్కడి నుంచి తేవాలన్నది ఇంకో పేచీ. మా తరమంతా రాముడు రావణుణ్ణి చంపడం, మళ్ళీ రావణుడు రాముని చేత చంపబడడం తోనే గడిచిపోయింది. జనగామ పిల్లలకు నేను జనగామ భూతకాలమే ఇచ్చాను. పోతన బమ్మెరలో ఉన్నాడు: లివ్డ్. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు చనిపోయాడు: డైడ్. పాలకుర్తి ఐలమ్మ తన పొలం దున్నింది: ప్లౌడ్. పంట కోసింది: కట్. దొరకు ఇయ్యలే: డిడ్ నాట్ గివ్. ఆ ఆఖరి వాక్యం చెప్పేటప్పుడు ఒక్కడు కూడా "డిడ్ నాట్ గేవ్" అనలేదు. కథ వాళ్ళది, "ఇయ్యలే" అన్న మాటా వాళ్ళదే.

ఇంత గొప్పగా చెప్పుకొంటున్న నా మంత్రం ఒకచోట పారలేదు. అదీ చెప్పాలి. కొన్నాళ్ళు మహబూబాబాదులో పనిచేశాను. ఇప్పటికీ పెద్దలు మానుకోట అనే పిలుస్తారు. చుట్టూ తండాలు. క్లాసులో సగం మంది ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. "రాలే" పాఠం చెప్పి గర్వంగా నిలబడితే ఒకమ్మాయి లేచింది. "సార్, మా ఇంట్ల అట్లనరు. వచ్చిండు అంటే 'ఆయో', రాలే అంటే 'ఆయో కోని' అంటరు" అంది. నాకు నోట మాట రాలేదు. వాళ్ళ భాషలో వచ్చిన మాట అట్లాగే ఉండగా చివర "కోని" చేరుతుంది. ఆ లెక్కన ఆ పిల్ల "డిడ్ నాట్ కేమ్" అనడం తప్పు కాదు, తల్లి భాషకు విధేయత! నేను నా తెలుగును అందరి తెలుగు అనుకొన్నాను, ఆ పంతులుగారు పుస్తకం తెలుగును అందరిదీ అనుకొన్నట్టే. ఎర్ర సిరా ఒక్కటే తక్కువ. ఆ పిల్లకు ఇంట్లో ఒక భూతకాలం, వీధిలో ఒకటి, పుస్తకంలో ఒకటి, ఇంగ్లీషు నాలుగోది. మర్నాడు తానే వచ్చి, "సార్, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఇంట్లది మరిచి దుకాణం కాడి తెలుగు యాది చేసుకుంటున్న, సరిపోతున్నది" అని చెప్పింది. ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, మొదటి రోజు పిల్లలను "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడిగే పాఠం మొదలుపెట్టాను.

రిటైరయ్యాక భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు దాకా ఒకే వరంగల్ జిల్లా ఊళ్ళు. ఇప్పుడు మూడు జిల్లాల కేంద్రాలు. నా బ్రతుకంతా ఒక జిల్లాలో గడిచిందనుకొంటే మూడింటిలో గడిచినట్టు లెక్క తేలింది. ఇది బొగ్గు గనులతో పెరిగిన ఊరు. పక్క ఇంటాయన గనిలో పని చేస్తాడు, ఏడో తరగతి చదివాడు. ఆయన బిడ్డ సర్కారు బళ్ళో చదువుతుంది. 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెట్టారు గదా. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు. మాకు అట్లాంటి పుస్తకం ఒక్కటి ఉంటే సికింద్రాబాదు స్టేషను దాకా పోవలసిన పని ఉండేది కాదు.

మొన్న సాయంత్రం ఆ పిల్ల నోటుబుక్కుతో మా అరుగు మీదికి వచ్చింది. మీ నాన్న నిన్న ఏం చేశాడో అయిదు వాక్యాలు వ్రాయమని హోంవర్కు. తండ్రి కూడా వెనకాలే వచ్చి గోడకానుకొని నిలబడ్డాడు. బిడ్డ అడుగుతుంటే ఆయన చెప్తున్నాడు, ఆమె ఇంగ్లీషులో వ్రాసుకొంటున్నది. మై ఫాదర్ వెంట్ టు ద మైన్. హి వర్క్‌డ్. హి కేమ్ హోమ్. మూడు కుదిరినై. నాలుగోది వ్రాసి నాకు చూపించింది: హి డిడ్ నాట్ ఎయిట్.

"మీ బాపు ఏమన్నడు బిడ్డా?" అని అడిగాను.

"మధ్యాహ్నం తినలే అన్నడు తాతా."

"తినలే. అందుల 'తిన్నడు' ఉన్నదా?"

పెదవి మీద పెన్సిల్ పెట్టుకొని రెండుసార్లు తనలో తాను అనుకొంది. తినలే, తినలే. తర్వాత రబ్బరు తీసి "ఎయిట్" చెరిపి "ఈట్" అని వ్రాసింది. ఇంకా అయిదో వాక్యం మిగిలే ఉంది. ఇంతలో లోపలి నుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది.

"సద్ది కట్టిచ్చిన గద, ఎందుకు తినలే?"